తరుగు తీయని బరువు

ఇది రాస్తున్న నాటికి నా బరువు ఎనభై అయిదు కిలోలు. తరుగు తీయకుండా చెబుతున్నాను.

తరుగంటే ఏమిటో తెలియని వారికి ముందు ఆ మాట చెప్పాలి. నేను బెంగుళూరు కాటన్‌పేటలో ఒక చింతపండు, బెల్లం మండీలో లెక్కలు చూస్తాను. మా నాన్న హిందూపురం వైపు నుంచి వచ్చి ఇదే వీధిలో మూటలు మోశాడు. నా చదువు పదో తరగతి దాటలేదు. కూడికలు, తీసివేతలు, అరెక్కం, ముప్పాతికెక్కం అన్నీ కాటా పక్కన నిలబడి నేర్చుకున్నవే. మండీలో బస్తా కాటా ఎక్కితే, కాటా చూపించినంతా సరుకు కాదు. గోనె బరువు తీసేయాలి. చింతపండులో నిమ్ము తీసేయాలి, గింజలూ ఈనెలూ ఉంటే వాటికీ తీసేయాలి. అలా తీసేసేదాన్నే తరుగంటాం. ఎంత తీయాలో కాటా చెప్పదు, మనిషి చెప్పాలి. మా మండీలో ఆ మనిషిని నేనే. సరుకు చేతిలోకి తీసుకుని నలిపి, ఇంత తరుగు అంటే సావుకారు గానీ రైతు గానీ మారు మాట్లాడేవారు కాదు.

ఊరందరి సరుకుకూ తరుగు తీసిన ఆ నోటితోనే నా ఒంటికి కూడా తీసుకుంటూ వచ్చాను.

ఏటా మాఘమాసంలో కొత్త చింతపండు దిగుతుంది. లారీ ఖాళీ అయ్యాక హమాలీలు సరదాకి ఒకరి తర్వాత ఒకరు కాటా ఎక్కేవారు. ఆఖరున నేను ఎక్కేవాణ్ణి. హమాలీల పెద్ద నారాయణప్ప ఎముకలకు తోలు తొడిగినట్టుంటాడు. నన్ను చూడగానే వీధంతా వినబడేలా అరిచేవాడు.

“ఎవురిదప్పా ఈ బస్తా? నిమ్ము జాస్తి ఉండాది!”

“నిమ్ము కాదు నారాయణప్పా, ఒకటో నంబరు సరుకు.”

కాటా నూట పన్నెండు చూపించేది. వెంటనే నా తీసివేత మొదలయ్యేది. బట్టలు, బెల్టు, చెప్పులు కలిపి రెండు కిలోలు. ఫోను, తాళాలగుత్తి అరకిలో. పొద్దున తిన్న తిండి, తాగిన నీళ్ళు రెండు. మా వంశంలో ఎముక మందం, దానికి నాలుగు. కాటా తేడా అర. మొత్తం తొమ్మిది పోతే నూట మూడు. నూట మూడును నూరని చెప్పుకోవడం వ్యాపారంలో తప్పు కాదు. ఎవరు అడిగినా నూరు అనేవాణ్ణి, నేనూ నమ్మేవాణ్ణి. అంకెల్లో నన్ను మోసం చేయగలిగినవాడు కాటన్‌పేటలో లేడని నాకు గర్వం. ఒకడు ఉన్నాడని తెలియడానికి చాలా కాలం పట్టింది.

గుర్తులు రాకపోలేదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. సరుకు దగ్గరికి నేను పోవడం మానేసి, సరుకునే నా గద్దె దగ్గరికి తెప్పించుకోవడం మొదలుపెట్టాను. పట్టపగలు కూడికల మధ్యలో కునుకు పట్టేది. ఒకసారి అలాంటి మత్తులో ఒక రైతు బస్తాలకు రెండుసార్లు తరుగు తీశాను. ఆయనే మెల్లగా, “అన్నా, ఒకతూరి తీస్తిరి కదా” అన్నాడు. నా బతుకులో అది మొదటి తప్పు లెక్క. ఎండ అనుకున్నాను. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా తయారైంది. నా భార్య సుజాత అది మురికనుకుని ఆదివారం ఆదివారం పీచుతో తోమేది. “బెల్లం మండీలో కూర్చుంటే మనిషికి కూడా మడ్డి పడతాదా?” అని తిట్టేది. తోమిన చోట ఎర్రబడేది గానీ నలుపు పోయేది కాదు. గుర్తుల్లో ప్రతిదానికీ నా దగ్గర ఒక తరుగు ఉండేది.

ఇలా ఉండగా జబ్బు పడింది నేను కాదు, నా చెల్లెలు లక్ష్మీదేవి.

ఆమె ఉండేది ఊరి బయట జిగణిలో. భర్త మంజునాథ్ అక్కడే ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. లక్ష్మి చిన్నప్పటి నుంచీ సన్నమే. ఆ ఏడు ఉగాదికి ముందు కాళ్ళు వాచాయి, తిన్నది నిలిచేది కాదు. ఆస్పత్రిలో రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నారు. ఎందుకో వాళ్ళకూ తేలలేదు. వారానికి మూడుసార్లు డయాలిసిస్ పెట్టారు. ఎవరైనా కిడ్నీ ఇస్తే మళ్ళీ మామూలు మనిషి అవుతుందన్నారు.

ఆ మాట మీద బంధువులంతా మా ఇంట్లోనే కూర్చున్నారు. మంజునాథ్ రక్తం గ్రూపు కలవలేదు. అమ్మానాన్నలు పోయారు. మెల్లగా అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి. నేను అన్నననే కాదు, నా ఒళ్ళు చూసి తిరిగాయి. మా పిన్నమ్మ అననే అంది: “వానికేమే, కొండ మాదిరి ఉండాడు. ఒకటి తీస్తే వానికి తెల్సను కూడా తెల్సదు.”

మాలో ఒళ్ళు చేసినవాడంటే దిట్టమైనవాడని. చిక్కినవాణ్ణి పట్టుకుని ఏం జబ్బప్పా అని అడుగుతాం. నేనూ అదే నమ్మాను. “నా గ్రూపు, దాని గ్రూపు ఒకటే. నా దాంట్లోనుంచి తీసుకోండి” అన్నాను, గోదాములో మిగులు సరుకు ఉన్నట్టు. లక్ష్మి తల వంచుకుని ఏడ్చింది. సుజాత మాత్రం వంటింటి గుమ్మం దాటి రాలేదు. ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

పరీక్షలకు పోయే ముందు ఆదివారం జిగణి వెళ్ళాను. లక్ష్మి రాగిముద్ద, ఉలవల పులుసు చేసింది. తనకు మాత్రం పక్కన ఒక చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకుంది. రోజు మొత్తానికి అవే. దప్పికైతే గుటక కాదు, పెదవి తడుపుకోవడమే. నాకు రెండో ముద్ద పెట్టింది, మూడోది పెట్టింది. ఆకలి తీరినా నేను వద్దనలేదు.

“పులుసు బాగుండాది లచ్చిమీ. నీవు బాధపడతావని తింటాండా.”

ఆమె గరిటె పట్టుకుని నవ్వింది. “అన్నా, నీకు తెలుగు సాకు బాగా వస్తాది. కన్నడ సాకే రాదు.”

మేం బెంగుళూరు తెలుగువాళ్ళం, విస్తరి ముందు కూర్చుంటే కన్నడంలోనే “సాకు” అంటాం. చాలు అని దానర్థం. తెలుగులో సాకంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ చిన్న గిన్నె పక్కన కూర్చునే నేను మూడో ముద్ద తిన్నాను.

ఆస్పత్రిలో వెయిటింగ్ హాలు కుర్చీలన్నీ వరసగా కలిపి బిగించినవి. ప్రతి కుర్చీకీ రెండు వైపులా ఇనుప చేతులు. నేను వాటి మధ్య పట్టను. తోడొచ్చిన లక్ష్మి, సుజాత కూర్చున్నారు, నేను నిలబడే ఉన్నాను. గోడ పక్కన బల్ల మీద ఒక ముసలమ్మ తన సంచిని ఒళ్ళోకి తీసుకుని, “ఇల్లి బన్నప్పా” అని పక్కన చోటు చూపించింది. నా వైపు జాలిగా చూడలేదు. ఒంటి గురించి ఏమీ అడగలేదు. తన మనవడి పేరు ఎప్పుడు పిలుస్తారో వినబడితే చెప్పమంది, అంతే. ఆ ఉదయం నాకు దొరికిన గౌరవం అదొక్కటే.

లోపల నర్సు బరువు మిషన్ ఎక్కమంది. అలవాటు కొద్దీ మొదలుపెట్టాను.

“చెప్పులుండాయి సిస్టర్. ఫోను కూడా. పొద్దున దోశ తిని...”

“సార్, మిషన్‌కి ఇవన్నీ తెల్దు. చెప్పులు ఇప్పి ఎక్కండి.”

విప్పి ఎక్కినా నూట పన్నెండే వచ్చింది. చెప్పులు, ఫోను లేకుండా నూట పన్నెండంటే, మాఘం నుంచి ఇంకా పెరిగానన్నమాట. వెనక నుంచి లక్ష్మి, “మా అన్నకి తరుగు తీయకపోతే నిద్ర పట్టదు సిస్టర్” అంది. బీపీ చూసే పట్టీ నా చేతికి చాలలేదు. ఆ నర్సు ఒక్క మాట అనకుండా ఇంకో వార్డుకు వెళ్ళి పెద్దది తెచ్చింది. బీపీ ఎక్కువ ఉంది.

డాక్టరమ్మ నన్ను చూసి, ఏమీ అడగకముందే వెనక్కి తిరగమంది. మెడ చూసింది.

“ఇదెన్నాళ్ళ నుంచి?”

“అది మురికి మేడమ్. పోవడం లేదు.”

“మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ పనిచేయడానికి కష్టపడుతుంటే మెడ ఇట్లా చెప్తుంది. బాడీ మీకు ఎప్పుడో లెటర్ రాసింది, మీరు తోమేస్తున్నారు.”

సుజాత పక్కనే ఉంది. తన చేతుల వైపు చూసుకుంది.

రోజంతా ఏం తింటారని డాక్టరమ్మ అడిగితే వరసగా చెప్పాను. పొద్దున ఖారాబాత్, కేసరిబాత్. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం టీ. మండీ మూసి ఇంటికి పోయాక ముద్ద, అన్నం, వెంటనే పడక. ఆమె రాసుకుంది. లక్ష్మి మధ్యలో అంది: “మచ్చు చెప్పలేదే అన్నా?”

“అది తిండి కాదు కదమ్మా.”

బెల్లం కొనేవాడు ముక్క విరిచి నోట్లో వేసుకుంటేనే సరుకు తేలుతుంది. ఉప్పదనం ఉందా, ఇసుక తగులుతోందా, పాకం ముదిరిందా, ఏ ఊరి బెల్లం, అన్నీ నా నాలుక చెప్పేది. మచ్చు చూడటం పని. పనిని తిండిలో ఎవరూ కలపరు. ఆ రోజు ఇంటికి పోతూ ఆటోలో మొదటిసారి ఆ లెక్క వేశాను. ముక్క తక్కువలో తక్కువ అయిదు గ్రాములు. సరుకు బాగా దిగే రోజుల్లో ఇరవై రకాలు చూస్తాను. నూరు గ్రాములు. సెలవులు తీసేసినా నెలకు రెండున్నర కిలోలు. ఏడాదికి ముప్పై, అంటే మండీకి బెల్లం వచ్చే పెట్టెల్లో ఒక నిండు పెట్టె. ఏటా ఒక పెట్టె బెల్లం పని పేరుతో నా కడుపులోకి దిగింది. గద్దె మీద నుంచి లేవనందువల్ల దిగింది దిగినట్టే ఉండిపోయింది. అన్నీ సరిచూసే నాకు ఈ ఒక్క కూడిక ఎప్పుడూ తట్టలేదు.

రిపోర్టులు వచ్చాక డాక్టరమ్మ నన్నూ లక్ష్మినీ కూర్చోబెట్టి చెప్పింది. షుగర్ అంచు మీద ఉంది. లివర్‌లో కొవ్వుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది, పగటి కునుకు అందుకే. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. “ఇట్లున్న మనిషి దగ్గర కిడ్నీ తీసుకోము. ఎనభై అయిదుకు రండి. బీపీ అదుపులోకి రావాలి. అప్పుడు అన్ని టెస్టులూ మళ్ళీ చేస్తాం. ప్రొటీన్ తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. మాట ఇవ్వలేను.”

లక్ష్మి నా మోకాలి మీద చెయ్యి వేసింది. “తగ్గుతాడు మేడమ్. మా అన్న లెక్క తప్పడు.”

ఆ రోజు నుంచి నేను తగ్గే ప్రతి కిలో లక్ష్మిది. అలాగే అనుకున్నాను. ఇంకోలా అనుకుని ఉంటే తగ్గేవాణ్ణి కాదేమో.

మొదట మచ్చు మానాను. సావుకారు ముఖం మాడ్చుకున్నాడు. “నాలుక లేని లెక్కగాణ్ణి పెట్టుకుని నేనేం చేయాల?” అన్నాడు. నారాయణప్ప ముందుకొచ్చి, “నేను తింటాను, ఎట్లుండాదో అన్నకు చెప్తాను. అన్న లెక్క చెప్తాడు. నాకైనా స్వల్ప ఒళ్ళొస్తాది” అన్నాడు. అలాగే నడిపించాం. నాకు బెల్లం వాసన తగిలితే నోరూరి, దవడ నొప్పెట్టేది. లారీలు రాకముందు పొద్దున్నే వీధిలో నడిచేవాణ్ణి. మొదట్లో వీధి చివరి దాకా పోలేక మూసిన అంగడి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. రాత్రి తిండి పొద్దు మునగకముందే తినాలన్నారు. మండీలో గద్దె వెనక కూర్చుని డబ్బా విప్పేవాణ్ణి. నిద్రలో ముఖానికి గాలి మిషన్ తగిలించుకున్నాను. దాని గొట్టం చూసి భయపడేవాణ్ణి గానీ, వారం తిరిగేసరికి పగటి కునుకు పోయింది. ఇన్నేళ్ళూ నిద్రపోతున్నానని అనుకున్నది నిద్ర కాదని అప్పుడు తెలిసింది.

ఇంట్లో మాత్రం బరువు పెరిగింది. సుజాత నాకు వేరుగా వండేది, లెక్క ప్రకారం పెట్టేది, మాట్లాడేది కాదు. శ్రావణంలో ఒకరోజు పూజ ప్రసాదం కూడా నేను వద్దన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

“నేను ఇన్నేళ్ళు నడవండి, తగ్గండి అంటే ఒక్కనాడు వినలేదు. చెల్లెలికైతే విన్నారు.”

ప్రసాదం గిన్నె తీసుకుపోయి దేవుడి ముందు పెట్టేసింది. ఆమే మళ్ళీ అంది.

“ఆమెకి ఇవ్వద్దని నేను అనను. నా నోట ఆ మాట రాదు. కానీ మీరు తగ్గేకొద్దీ ఆపరేషను దగ్గరికొస్తాందని నాకు భయమవుతాంది, అది చెప్పుకునే దానికి కూడా మనిషి లేదు నాకు.”

ఆ మాటకు తరుగు తీయలేదు నేను. పూర్తిగా విన్నాను. వినడం అంతవరకే చేతనైంది.

దసరా వానల్లో లక్ష్మికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మంజునాథ్ ఫోన్ చేసి, “బావా, వచ్చేయ్” అని పెట్టేశాడు. మేం పోయేసరికి ఐసీయూలో ఉంది. బయట మంజునాథ్ ఫ్యాక్టరీ బట్టల్లోనే గోడకానుకుని ఉన్నాడు. అప్పటికి నేను తొంభై తొమ్మిది. ఇంకా పధ్నాలుగు. గాజు తలుపు ముందు నిలబడి ఆ పధ్నాలుగు కిలోలను కోసి ఇచ్చేయగలిగితే బాగుండని అనిపించింది. నేను తిన్న బెల్లం పెట్టెలన్నీ ఆమెకూ నాకూ మధ్య గోడలా పేర్చి ఉన్నట్టుంది. ఆమె ఆ గండం గడిచి బయటికొచ్చింది. స్ట్రెచర్ మీద నుంచి నన్ను చూసి అడిగిన మొదటి మాట, “ఎంతున్నావు అన్నా ఇప్పుడు?”

మరుసటి ఉగాదికి తొంభై ఒకటి. అక్కడ చాలా కాలం కదల్లేదు. పెళ్ళిళ్ళలో బంధువులు నన్ను పక్కకు లాగి, “ఏమప్పా, ఇంత చిక్కిపోతివి, షుగరా?” అని అడిగారు. ఒళ్ళున్నప్పుడు ఒక్కరూ అడగలేదు.

శ్రావణంలో మండీ కాటా మీద ఎనభై అయిదు వచ్చింది. బట్టలతో, బెల్టుతో, పొద్దున తిన్నదానితో సహా. నారాయణప్ప అంకె చూసి, “తరుగు తీయల్నా అన్నా?” అన్నాడు.

“వద్దు.”

“అదీ, ఒకటో నంబరు సరుకంటే ఇది,” అని తన భుజం మీది తువ్వాలతో నా వీపు తుడిచాడు.

మళ్ళీ అన్ని పరీక్షలూ చేశారు. ఈసారి నేను ఇనుప చేతుల కుర్చీలోనే కూర్చున్నాను. ఒక పక్క లక్ష్మి, ఇంకో పక్క సుజాత. డాక్టరమ్మ కాగితాలు మొదటి నుంచి చివరి దాకా తిప్పింది. మంచి మాటలు ముందు చెప్పింది. షుగర్ దిగింది. లివర్ బాగుపడింది. బీపీ ఒక్క మాత్రతో నిలిచింది. ఆ వరస వింటుంటేనే నాకు అర్థమైంది. బేరంలో కాదనేవాడు ముందు సరుకును మెచ్చుకుంటాడు.

“ప్రొటీన్ తగ్గింది, కానీ పోలేదు. మీ కిడ్నీలు చాలా ఏళ్ళు ఓవర్‌టైం చేశాయి. రెండూ ఉంటే మీరు బతికేస్తారు. ఒకటి తీస్తే మిగిలింది మోయలేదు. సారీ. కొన్నేళ్ళ ముందు వచ్చి ఉంటే మాట వేరేగా ఉండేదేమో.”

మండీలో తరుగు ఎక్కడికీ పోదు. నేను నోటితో తీసేసింది రైతు నెత్తి మీద పడుతుంది. అది తెలిసిన మనిషినే నేను. ఒంట్లో నేను తీసేసిన తొమ్మిది కిలోలు కూడా ఎక్కడికీ పోలేదు. కనబడని చోట కూర్చున్న ఆ రెండు కిడ్నీలూ మోశాయి. ఇప్పుడు లక్ష్మి మోస్తోంది.

బయటికొచ్చాక నేను తల ఎత్తలేకపోయాను. సుజాత బాత్రూములోకి పోయి చాలాసేపటికి గానీ రాలేదు. ముఖం కడుక్కుని వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె దేనికి ఏడ్చిందో నేను అడగలేదు. నేరుగా పోయి లక్ష్మి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

లక్ష్మే మాట్లాడింది. “పోనీలే అన్నా. నాకోసమని తగ్గితివి, నీవు మిగిల్తివి. నాకు కిడ్నీ రాకున్నా అన్నైతే వచ్చినాడు కదా.”

ఆమె పేరు ఇప్పుడు వెయిటింగ్ లిస్టులో ఉంది. పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇది చదివేవారిలో మెడ నల్లబడినవారు ఉంటే, పీచు పక్కన పెట్టి రక్తం చూపించుకోండి. మీ బరువుకు మీరు ఏ తరుగు తీసుకుంటున్నారో మీకే తెలుసు. రేపు మీ వాళ్ళకు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఇవ్వగలిగేలా ఉండండి. అంతకంటే చెప్పగల అర్హత నాకు లేదు.

మంజునాథ్‌కు షిఫ్టు కుదరని రోజుల్లో డయాలిసిస్‌కు నేనే తోడు పోతాను. అక్కడ ముందొకసారి, తర్వాతొకసారి బరువు చూస్తారు. ఒంట్లో చేరిన నీరెంతో, తీసిందెంతో తెలియాలి. మొన్న మిషన్ ఎక్కే ముందు లక్ష్మి స్వెట్టరు విప్పింది, ఫోను, సంచి, చెప్పులు, అన్నీ నా చేతుల్లో పెట్టింది.

“పట్టుకో అన్నా, తరుగు.”

డయాలిసిస్ అయిపోయాక మళ్ళీ ఎక్కింది. నర్సు అంకె చదివింది. రెండున్నర కిలోలు దిగింది. లక్ష్మి నీరసంగా గోడ పట్టుకుని, అయినా నా వైపు చూసి నవ్వింది. “నిమ్ము తీసేసినారు. సరుకెట్లుండాది?”

ఆమె సామాన్లు రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాను.

“ఇట్ల తా అన్నా, అంతసేపు పట్టుకున్నావు, బరువు.”

“ఉండనీ లచ్చిమీ,” అన్నాను. “ఇదన్నా మోయనీ.”